జముకు పక్కన నేను

…సరే, సెగకి కాచాలంటే కాచాలి, తోలు బిగియకపోతే జముకు పలకదు. అంతవరకు నాకూ తెలుసు. కాచేటప్పుడు ఆ మొహం ఎందుకలా పెట్టాలి? పసిపిల్లకి జ్వరం తగ్గిందో లేదో చూసేవాడిలా తోలు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, చెవి దగ్గరికి తెచ్చుకుని, నరాన్ని ఒక్కసారి మీటి, నచ్చక మళ్ళీ సెగకి చూపించి… నా మూతల తోళ్ళు మార్పించడానికి రిపేరు షాపుకి తీసుకెళ్ళిన రోజు ఇదే మనిషి బయట బల్ల మీద కూర్చుని పేపరు చదువుకున్నాడు. నన్ను లోపల ముక్కలు ముక్కలుగా విప్పుతున్నారు, అతను సినిమా పేజీ తిప్పుతున్నాడు.

నేను ఒక సాక్సఫోన్‌ని. ఇత్తడి ఒళ్ళు, రెల్లు నాలుక, హంసలా వంగిన మెడ. ఈ క్షణాన తాటిదిబ్బ అనే ఊళ్ళో, బంగారమ్మ తల్లి సంబరం పందిట్లో, మూత తీసిన పెట్టెలో వెల్లకిలా పడి ఉన్నాను. నాకెదురుగా నా మనిషి ఎలీషా మిట్టమధ్యాహ్నం ఎండలో కొబ్బరి డొక్కల నిప్పు పక్కన గొంతుక్కూర్చుని మరొకదాన్ని కాస్తున్నాడు. దాని అందం కూడా చెప్పాలి కదా. కుంచమంత చెక్క డొల్ల. ఒక పక్క మేకతోలు. ఆ తోలు నడుమ నుంచి ఒక నరం, నరం చివర ఒక పుల్ల. డొల్లని చంకలో ఇరికించి, పుల్లని లాగిపట్టి, నరాన్ని మీటితే ‘జుంకు’ అంటుంది. బిగిస్తే కాస్త పైకి, వదిలితే కాస్త కిందికి. అంతే దాని విద్య. నాకు ఇరవైకి పైగా మూతలున్నాయి, మీటలున్నాయి, చెక్కిన పువ్వులున్నాయి. అయినా ఎవరు ఎవరి ఒళ్ళో ఉన్నారో మీరే చూస్తున్నారు.

అసూయపడేవాళ్ళు మంచి పరిశీలకులు. ప్రేమించేవాడు సగమే చూస్తాడు, మిగతా సగం ఊహించుకుంటాడు. అసూయపడేవాడు ఒక్క వేలి కదలిక కూడా వదలడు. కాబట్టి నా కథ నా నోట వినడమే మంచిది.

నేను పుట్టింది సముద్రాల అవతల, మంచు కురిసే చిన్న ఊళ్ళో. ఇత్తడి రేకుని గొట్టంగా చుట్టి, సుత్తితో కొట్టి, మెడ వంచి, ఒంటి నిండా బొక్కలు పెట్టి, ప్రతి బొక్కకీ ఒక మూత బిగించారు. అన్నీ అయ్యాక, ఇక పాడు అన్నారు. మనుషులు పిల్లల్ని పెంచే పద్ధతీ ఇంచుమించు ఇదేనని తర్వాత తెలిసింది.

నన్ను మొదట కొన్నవాడు ప్రయాణికుల ఓడలో డాన్సు బ్యాండు వాయించే పొడుగాటి మనిషి. ఓడ మరమ్మతుకని విశాఖపట్నం రేవులో ఆగినప్పుడు, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు జరుగుతోందని విని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. అక్కడి బ్యాండు మాస్టరు ఓస్మండ్ దొర చేతిలో నన్ను పెట్టి, ‘ఒక్క పాట, ఇప్పుడే వస్తా’ అని ఎవరో అమ్మాయితో నాట్యానికి దిగాడు. మళ్ళీ రాలేదు. ఓడ వెళ్ళిపోయింది. వదిలేశాడో మరిచిపోయాడో నాకు ఇప్పటికీ తేలలేదు. మరిచిపోవడమే ఎక్కువ బాధ అనుకుంటాను. వదిలేసేవాడికి కనీసం మన బరువు తెలుసు. అప్పటినుంచి, నన్ను పట్టుకున్న చెయ్యి వేరేదాని వైపు చాచినప్పుడల్లా నాలో ఏదో గొట్టం చల్లబడుతుంది. ఇది నా జబ్బు. పేరు తెలిసినంత మాత్రాన జబ్బు తగ్గదు.

ఓస్మండ్ దొర ఆంగ్లో ఇండియన్, రైల్వేలో గార్డు. లోకోషెడ్డు ఫిట్టరు కొడుకు ఎలీషాకి వాయించడం నేర్పింది ఆయనే. సంసారంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోయే రోజున నా పట్టీని ఎలీషా మెడలో వేశాడు.

“ఎలీషా, మాన్, దీన్ని ఖాళీగా పెట్టకు. అలిగిందంటే ఎంత ఊదినా మాట్లాడదు,” అన్నాడు.

ఎలీషా నవ్వాడు. “మీ మిసెస్‌లాగే అన్నమాట, సార్.”

“నో, నో. మిసెస్ కొంతసేపటికి మాట్లాడుతుంది.”

ఆ సాయంత్రం క్వార్టర్సు డాబా మీద అతను రెల్లు నాలుకని నోట తడిపి, నన్ను మొదటిసారి తనదానిగా ఊదాడు. అతని ఊపిరి ఎంత లోతునుంచి వస్తుందో, ఏ మాట మింగినప్పుడు మధ్యలో తెగుతుందో, తల్లి పోయిన ఏడు అది ఎంత సన్నబడిందో నాకు తెలుసు. ఏ పెళ్ళానికీ మొగుడి సంగతి అంత దగ్గరగా తెలియదు. అతను పెళ్ళి చేసుకోలేదు. ఊరంతా జాలిపడింది. నేను సంతోషించాను.

అతను వాయించేది జాజ్. ఓస్మండ్ దొర దానికి చెప్పిన అర్థం సులువైనది: ఒకడు ఒక మాట అంటాడు, ఇంకొకడు ఆ మాటని గాల్లో ఉండగానే అందుకుని, తనకి తోచినట్టు తిప్పి ముగిస్తాడు. రెండోసారి అదే మాట అదే తీరుగా అంటే తప్పు. నాకీ పద్ధతి నచ్చింది. అందులో అందుకునేది ఎప్పుడూ నేనే.

శని, ఆదివారాలు బీచి రోడ్డు హోటల్లో, తినేవాళ్ళ గిన్నెల చప్పుడు మధ్య వాయించేవాళ్ళం. మిగతా రోజుల్లో అతనికి పిచ్చి పుట్టేది. రైల్వే కాలనీలో కడగడానికి ఖాళీ చేసిన నీళ్ళ ట్యాంకులోకి నిచ్చెన వేసుకుని దిగి, అడుగున కూర్చుని నన్ను ఊదాడు. నేనొకటి అంటే ట్యాంకు పది అంది. అవి నా గొంతులే అయినా నాకు కడుపు మండింది; అతను నన్ను ఆపి వాటిని వినసాగాడు. ఇంకోసారి రేవు గోడ చివర నిలబడి, లోపలికొచ్చే ఓడల కూతలకి జవాబు వాయించాడు. ఒక ఓడ తిరిగి కూసింది. అతను ఎగిరి గంతేశాడు. ఓడంత గొంతుంటే ఎవరైనా కూస్తారు, అందులో గొప్పేముంది? ఆ తర్వాత పూర్ణా మార్కెట్ దగ్గర దర్జీ కొట్లో కుట్టుమిషన్లు వరసగా తొక్కుతుంటే వాటి నడకకి నన్ను జతచేశాడు. దర్జీ విసుక్కున్నాడు: “ఏటండీ మాస్టారూ, మీ పాటకి మా కుర్రోడు చొక్కాకి మూడో చెయ్యి కుట్టేశాడు!” జాలారిపేట ఒడ్డున అలివి వల లాగేవాళ్ళ హైలెస్సాకి కూడా ఊదాడు. ఆ రోజు చేపలు పడలేదు, నింద నా మీద పడింది.

వీటన్నిటి మీదా నాకు అసూయే. అయితే అది ఓర్చుకోదగ్గ అసూయ. ట్యాంకుని ఇంటికి తెచ్చుకోలేడు. ఓడని మంచం పక్కన పెట్టుకోలేడు. చివరికి నన్నే మెడలో వేసుకుని ఇల్లు చేరాలి.

ఇంటికి తెచ్చుకోదగ్గది ఒకటి ఆ ఒడ్డునే దొరికింది.

బోర్లించిన తెప్ప నీడలో ఒక ముసలావిడ కాళ్ళు చాపుకుని, చంకలో ఈ డొల్లని పెట్టుకుని, తనలో తను పాడుకుంటోంది. పేరు నూకరత్నం. తాటిదిబ్బలో బంగారమ్మ తల్లి కథ చెప్పే హక్కు ఆమె ఇంటిది. చెల్లెలు వరహాలు వంత పాడేది. ఆషాఢంలో వరహాలు పోయింది. వంత లేని కథ అమ్మవారి ముందు చెప్పకూడదు. అందుకని ఆమె జాలారిపేటలో కూతురింటికి వచ్చి, చెల్లెలి జముకుని చంకలో పెట్టుకుని ఇలా సముద్రానికి చెప్పుకుంటోంది. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు తెలిసిందల్లా, నా మనిషి హోటలు దారి మరిచి ఇసకలో చతికిలబడ్డాడని.

“ఏటి బాబూ, అలగ కూకుండిపోనావు? ఏడుత్తన్నావా, నవ్వుతన్నావా?” అందామె.

“ఆ సౌండు… ఒక్కసారి ఇస్తారా అమ్మా?”

“సౌండేటి, జముకు. ఇత్తే ఇరిసీవు గదా?” అని, నా వైపు చూసింది. “నీ మెళ్ళో ఆ ఇత్తడి గుంట ఎవుర్తి? నన్ను ఓరగా సూత్తంది.”

మనుషుల్లో నాలోని ఈ కుళ్ళుబోతు పిల్లని కనిపెట్టింది ఆమె ఒక్కతే. అందుకు ఆమెని క్షమించలేదు.

నెల తిరక్కుండానే, ఊళ్ళో ఒక కళల సభవాళ్ళు వాళ్ళిద్దరినీ ఆడిటోరియంలో ఒకే వేదిక ఎక్కించారు. ఆమె కథ చెప్తుంటే ఎలీషా నన్ను ఊదాలి. మొదట బాగానే సాగింది. బంగారమ్మ పుట్టింటి గడప దాటే ఘట్టంలో ఆమె ఒక మాట అని ఊపిరి కోసం ఆగింది. జాజ్ చదువుకున్నవాడికి ఖాళీ కనిపిస్తే చేతులు ఆగవు. ఎలీషా ఆమె మాట గాల్లో ఉండగానే అందుకున్నాడు. నేను విజృంభించాను. ఆ గడప మీంచి ఎక్కడెక్కడికో ఎగిరాను, మెలికలు తిరిగాను, జముకుకి వెయ్యేళ్ళకీ అందని ఎత్తు నుంచి దూకాను. చప్పట్లు! హాలంతా చప్పట్లు! నా ఇత్తడి జన్మలో అంత తీపి రోజు లేదు.

చప్పట్లు ఆగాయి. నూకరత్నం జముకుని పక్కన పెట్టి, వేదిక మీదే మఠం వేసుకుని, చేతులు కట్టుకుంది.

“సెప్పు బాబూ. తర్వాతేటయినాది?”

ఎలీషాకి అర్థం కాలేదు. “అమ్మా, మీరు కానివ్వండి.”

“నానెలగ సెప్తాను? నువ్వు అందుకున్నావు గదా. మా కాడ మాట అందుకున్నోడే సెప్పాల. గడప దాటీసినాది బంగారమ్మ. ఏ దారంట ఎల్లినాది? ఎవులు ఎదురొచ్చినారు? సెప్పు, ఇంటన్నాం.”

హాల్లో నవ్వులు. ఆమె ఎగతాళికి అనలేదు. ఆమె ఇంటి ఆచారం అది: వంత పాడేవాళ్ళు మాట తమ చేతిలోకి తీసుకుంటే, కథ చెప్పేవాళ్ళు కూర్చోవాలి. ఆమె కూర్చుంది. నా మనిషికి ఆ కథ రాదు. మెడలో నా పట్టీని సర్దుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నాడు. తెర దించేశారు.

ఆ రోజుతో పీడ విరగడైందనుకున్నాను. సిగ్గుపడినవాడు దూరంగా పోతాడని లెక్క వేశాను. కానీ మనుషులకి సిగ్గు కూడా ఒక తాడే. మర్నాడే ఆమె కూతురి వాకిట్లో నిలబడ్డాడు.

“నేర్పండి. నేను వంత పాడతాను. గొంతు లేదు నాకు, దీంతోనే పాడతాను,” అన్నాడు.

ఆమె ఆయాసంతో దగ్గి, తీరిగ్గా ఊపిరి తీసుకుంది. “మా సెల్లి వరాలు పోయినకాణ్ణుంచి నా గాలి కూడా సగం పోనాది బాబూ. నాకు వంతంటే పాట కాదు, ఊతకర్ర. నా మాట తోక పట్టుకో. తోకే! తలకాయి జోలికి రాకు. నాను ఏ కాడ ఇడిసేనో ఆ అచ్చరం ఇడవకుండా పట్టుకుని ఉండు. నాకు గాలి సిక్కినాక తిరిగి నాకిచ్చీ. దాన్ని తిప్పీడం, ఒంపీడం, సింగారించీడం పనికిరాదు.”

“ఎంతసేపు?”

“నాకు సిక్కిందాకా.”

విన్నారా? నా చేత, ఇన్ని మీటలున్న నా చేత, ఒకే స్వరం. అదీ ఆమె విడిచిపెట్టిన ఎంగిలి స్వరం. పైగా వరహాలు జముకు తోలు వదులైందని, బాగుచేయించి తెస్తానని ఎలీషా దాన్ని ఇంటికి తెచ్చాడు. కొత్త తోలు మూయించాడు. మూయించాక తిరిగి ఇవ్వడానికి మనసొప్పక, సంబరం దాకా ఉంచుకున్నాడు. దాన్ని మంచం పక్క స్టూలు మీద పెట్టి, నన్ను అలమరా పైకి ఎక్కించాడు. అక్కణ్ణుంచి అంతా కనిపిస్తుంది. పొద్దున లేస్తూనే, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, చెయ్యి చాచి ఒకసారి మీటేవాడు. జుంకు. అది ఒక్కనాడూ గర్వపడలేదు, నన్ను చూడలేదు, ఏమీ అనలేదు. దానికి నేనున్నట్టే తెలియదేమో అన్న అనుమానం నన్ను ఎక్కువ తినేసింది. పోటీ ఉందని ఒక్కరికే తెలిసిన పోటీలో ఓడడం ఎంత ఒంటరితనమో, అలమరా మీద దుమ్ముకి తెలుసు.

అలా ఈ పందిరికి చేరాం.

జముకు కాగింది. ఎలీషా దాన్ని రెండు చేతులతో నూకరత్నానికి అందించి, నన్ను పెట్టెలోంచి ఎత్తి మెడలో వేసుకున్నాడు. పందిట్లో జనం నిండారు. పందిరి పక్కన ఒక వ్యాను, దాని మీద మనిషెత్తు డీజే బాక్సులు, వాటి పక్కన సంబరం కమిటీ పెద్ద కనకారావు.

“అత్తా, ముందే సెప్తన్నాను, తర్వాత ఏడవకు. కథ మంగళం దాకా ఎల్లిందా, సరే, ఏటేటా నీదే. సగంలో ఆగిందా, ఈ ఏటికే కాదు, మరి కథ అన్న మాటే నేదు. డీజే పెట్టీసుకుంటాం. కుర్రోళ్ళు ఊరుకోటం నేదు,” అన్నాడు.

“ఊరుకోక ఏటి సేత్తారు, గంగిరెద్దులాగ గెంతుతారు. గెంతనీ,” అంది నూకరత్నం. “నీ బాక్సుకి అమ్మవోరు పుట్టిల్లేదో తెల్సా? ఎల్లి కూకో.”

“ఆ బూరా ఆయనకి తెల్సేటి? పట్నంలో నోరెళ్ళబెట్టినాడంట గదా!”

ఎలీషా చెవులు ఎర్రబడ్డాయి. ఆ వేడి నా మెడదాకా తగిలింది.

కథ మొదలైంది. నాకు నా దారి స్పష్టంగా కనిపించింది. రెల్లు నాలుక ఉన్న ప్రతిదానికీ ఒక దుర్గుణం ఉంటుంది: చిన్న నెపం దొరికితే కీచుమంటుంది. ఒక్క కూత చాలు. జనం నవ్వుతారు, ఆమె తడబడుతుంది, మాట తెగుతుంది, బాక్సులు మోగుతాయి. జముకు ఏ అటకకో చేరుతుంది. నా మనిషి తలవంచుకుని నాతో ఇంటికొస్తాడు, నాతోనే. స్టూలు ఖాళీ అవుతుంది. ఎవరూ నన్ను అనుమానించరు. ఇత్తడికి మనసుంటుందని మనుషులు నమ్మరు కదా.

బంగారమ్మ గడప దాటింది. ఆడిటోరియంలో మేం తెంపిన చోటు వచ్చింది. నూకరత్నం ఆగింది, ఎలీషా తోక పట్టుకున్నాడు, తిరిగి ఇచ్చాడు. నేను కూయలేదు. ఇంకాస్త పెద్ద అదను కోసం చూస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. బంగారమ్మ ఉప్పుకయ్య నీళ్ళు దాటింది, మొగలి డొంకలు దాటింది, కాళ్ళు ఇసకలో కాలాయి. చోటు చోటుకీ నూకరత్నం ఊపిరి కురచబడుతోంది, నేను పట్టే తోక పొడుగవుతోంది. ఎండ పందిరి సందుల్లోంచి ఏటవాలుగా దిగింది. ఇక మిగిలింది చివరి ఘట్టం. దాహంతో, ఒంటరిగా, బంగారమ్మ ఈ దిబ్బ ఎక్కి ఊరివాళ్ళని అడుగుతుంది.

“ఒలె తల్లులాలా… కూకోడానికి నాకింత జాగా ఇయ్యండే…”

ఆ ‘ఏ’ దగ్గర ఆమె ఊపిరి అయిపోయింది. మామూలుగా ఆగడం కాదిది. చెయ్యి జముకు మీంచి జారి గుండెల మీదికి పోయింది. నోరు తెరిచే ఉంది, ఏమీ రావడం లేదు. జముకు కూడా ఆగిపోయింది.

ఇన్నాళ్ళకి అది నోరు మూసింది. పందిరి మొత్తంలో మోగుతున్నది నేనొక్కదాన్ని. ఆమె విడిచిన స్వరం నా గొట్టంలో నిలబడి ఉంది, వెనక ఎలీషా ఊపిరి. కనకారావు వ్యాను వైపు ఒక అడుగు వేశాడు. జనంలో ఎవరో, “అయిపోనాది,” అన్నారు.

నేను ఆమె నోటిని చూశాను. గాలి కోసం తెరుచుకున్న నోరు. లోపల అన్నీ ఉండి, ఎవరైనా ఊపిరి ఇస్తే తప్ప ఒక్క మాట పలకలేని స్థితి. ఆ స్థితి నాకు కొత్త కాదు. పెట్టెలో, అలమరా మీద, ఆ ఓడవాడు పోయిన రాత్రి ఇన్‌స్టిట్యూట్ కుర్చీలో, నా బతుకులో ఎక్కువ భాగం అదే. జముకు మీద నా మంట తగ్గలేదు, అబద్ధమెందుకు. కానీ ఆమె మీద అసూయపడదామంటే, ఆ క్షణాన ఆమె దగ్గర నాకు లేనిదంటూ ఏదీ మిగల్లేదు.

ఎలీషా భయపడ్డాడు. భయపడితే అతను ఎక్కువ స్వరాలు వాయిస్తాడు. అది అతని వేళ్ళలో ఉన్న చీకటి. మౌనం మీద పడుతోందనిపిస్తే పూలతో కప్పేస్తాడు. అతని ఒళ్ళు బిగుసుకుంది, ఊపిరి ఎగబడింది, ఎగరడానికి వేళ్ళు ఆత్రపడుతున్నాయని నాకు తెలిసిపోయింది. ఇంకొక్క స్వరం మారితే మాట ఆమె చేతిలోంచి మా చేతిలోకి వస్తుంది. ఆమె కూర్చోవాలి. ఆచారం ఆమెకంటే మొండిది.

అతని ఎడమ చిటికెన వేలు కింద ఒక మీట ఉంది. నొక్కితే ఒక చిన్న మూత లేస్తుంది, స్వరం ఒక మెట్టు ఎక్కుతుంది. ఉప్పుగాలి ఊళ్ళలో ఆ మూత అప్పుడప్పుడు అతుక్కుపోతుంది. రేపు అతను ఆ ఉప్పుగాలినే తిట్టుకుంటాడు.

వేలు మీటని నొక్కింది. నూకరత్నం ముక్కుపుటాలు కదిలాయి. ఎక్కడో లోతునుంచి, సన్నగా, గాలి ఆమెలోకి దిగడం మొదలైంది. వేలు మళ్ళీ నొక్కింది, గట్టిగా.

నేను ఆ మూతని లేవనివ్వలేదు.